రోజుకో వాక్యం: పొద్దున చదివింది సాయంత్రం దాకా నిలవాలంటే ఎలా రాయాలి?

మల్లెపందిరి (భీమవరం దగ్గర)

అందరికీ వందనాలు.

మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున ఒక బైబిల్ వాక్యం, దాని కింద చిన్న ధ్యానం పెట్టే బాధ్యత పాస్టర్ అయ్యగారు నాకు అప్పగించారు. ఇన్నేళ్లుగా ఈ పని చూసిన పెద్దాయనకి చూపు మందగించింది, ఫోన్‌లో టైప్ చేయలేకపోతున్నారు. సోమవారం నుంచి నేను మొదలుపెట్టాలి.

గ్రూపులో ఎవరెవరున్నారో చెబితే నా టెన్షన్ మీకు అర్థమవుతుంది. రొయ్యల చెరువులున్న రైతులు, ఆ చెరువుల మీదే కూలికి వెళ్లేవాళ్లు, టీచర్లు, ఇంటర్ పిల్లలు, గల్ఫ్‌లో ఉన్న అక్కలు, మంచం దిగలేని పెద్దవాళ్లు. అందరికీ ఒకటే వాక్యం వెళ్లాలి.

మిగతా గ్రూపుల్లో వచ్చేవి చూస్తూనే ఉన్నాం. గులాబీ పువ్వు బొమ్మ, దాని మీద సగం వచనం, కింద "ఈ వాగ్దానం నాదే అనుకునేవాళ్లు ఆమెన్ అనండి". అందరూ దణ్ణం బొమ్మ ఒకటి పెట్టి ముందుకు వెళ్లిపోతారు. తొమ్మిదింటికి ఆ వాక్యం ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. పొద్దున చదివిన మాట మధ్యాహ్నం ఇంట్లో మాటా మాటా పెరిగినప్పుడు గుర్తుకు రావాలి, అదీ నా కోరిక. వాక్యం ఎలా ఎంచుకోవాలి? ఎంత రాయాలి? ఏం రాయకూడదు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

పాత బెంచీ (రిటైర్డ్ టీచర్, నరసాపురం)

అమ్మా, మంచి పని నీ చేతికొచ్చింది. సంతోషంగా చెయ్యి.

రోజుకో వాక్యం అనే పద్ధతి ఫోన్లు వచ్చాక పుట్టింది కాదు. 1728 మే నెలలో జర్మనీలోని హెర్న్‌హుట్ అనే చిన్న ఊళ్లో జిన్‌జెండార్ఫ్ అనే జమీందారు సాయంత్రం కూటంలో మొరేవియన్ అనే క్రైస్తవ సమాజపు విశ్వాసులకు మరునాటి కోసం ఒక మాట ఇచ్చాడు. ఆ తర్వాత రోజూ పొద్దున సహోదరులు ఇంటింటికీ వెళ్లి ఆనాటి మాట చెప్పేవారు. 1731కి ఏడాదికి సరిపడా వాక్యాలు పుస్తకంగా అచ్చయ్యాయి, ఇప్పటికీ ఏటా వస్తోంది, ఎన్నో భాషల్లోకి వెళ్లింది. పాత నిబంధన వచనాన్ని చీటీ వేసి తీస్తారు. దానికి తగ్గ కొత్త నిబంధన వచనాన్ని వెతికి జత చేస్తారు. ఈ జత చేయడంలోనే అసలు శ్రమ ఉంది. ఎవరో ఒకరు కూర్చుని రెండు చోట్లా చదివి, ఆలోచించి పెట్టాలి.

నాకు ఇందులో నచ్చేది ఆ ఇంటింటికీ నడవడం. వాక్యం మోసుకెళ్లినవాడు గుమ్మంలో మనిషి ముఖం చూస్తాడు కదా. నువ్వు కూడా రాసే ముందు గ్రూపులో ఒక్క మనిషిని తలచుకో. ఇవాళ వాళ్లింట్లో ఏం జరుగుతోందో అనుకుని రాయి. అందరికీ రాయబోతే ఎవరికీ తగలదు.

ఇంకో మాట. ఇప్పుడు మనం వాడే వచనాల నంబర్లు పౌలు వేసినవి కావు, లూకా వేసినవి కావు. కొత్త నిబంధనకు ఆ నంబర్లు వేసింది రాబర్ట్ ఎస్టియెన్ అనే ప్రింటరు, 1551లో. వెతుక్కోవడానికి ఎంతో సులువైంది, ఆయనకు మనం రుణపడి ఉన్నాం. అయితే పౌలు రాసింది ఉత్తరం. ఉత్తరంలో మధ్య లైను ఒకటే చదివి పక్కన పెట్టం కదా. అందుకని ఒక వాక్యం పంపే ముందు ఆ అధ్యాయమంతా నువ్వు చదువు. గ్రూపుకి అంతా పెట్టనక్కర్లేదు. నీ మనసులో అధ్యాయం ఉంటే రాసే నాలుగు మాటలు దారి తప్పవు.

---

ఎడారిలో నది (కువైట్, సొంతూరు రాజంపేట వైపు)

మాస్టారు చెప్పింది నిజం. నా సంగతి ఒకటి చెబుతా.

"నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అనే యిర్మీయా 29:11 ఇక్కడ మా ఆడవాళ్లలో చాలామంది దగ్గర ఉంటుంది. ఫోన్ కవరు వెనక ఒకరు పెట్టుకుంటారు, బీరువా తలుపు లోపల ఒకరు అంటించుకుంటారు. నేను శుక్రవారం ఆరాధనకి వెళ్లినప్పుడు ఒక పెద్దమ్మ ఆ అధ్యాయం మొదటినుంచి చదివించింది. అది బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యెరూషలేము నుంచి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం అంట. ఊరు కానివూళ్లో, భాష కాని భాషలో ఉన్నవాళ్లకు. అంటే మాకే కదా!

దాని పై వచనంలో డెబ్బది సంవత్సరములు అని ఉంది. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ ఇంటికి వచ్చేస్తారని చెప్పాడు, జనానికి ఆ మాటే తియ్యగా ఉండి ఉంటుంది. యిర్మీయా ఆ మాట చెప్పలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అన్నాడు. ఆపైన "నేను మిమ్మును చెరగొని పోయిన పట్టణముయొక్క క్షేమము కోరి దానికొరకు యెహోవాను ప్రార్థన చేయుడి" అని ఉంది. ఏడో వచనం. ఇది ఎవరి ఫోన్ కవరు వెనకా లేదు.

ఆ రోజునుంచి నేను పనిచేసే ఇంటి కోసం పేరుపేరునా ప్రార్థన చేస్తున్నా. యజమానురాలి మోకాళ్ల నొప్పి కోసం, చిన్నబాబు పరీక్షల కోసం. నా జీతం పెరగలేదు, సెలవు పెరగలేదు. కానీ పొద్దున లేచి ఆ వంటగదిలోకి వెళ్లడం నాకు ఇదివరకటంత బరువుగా లేదు. సిస్టర్, మీ గ్రూపులో గల్ఫ్ అక్కలున్నారన్నారు కదా, వాళ్లకి పదకొండో వచనం పంపితే ఏడోది కూడా కలిపి పంపండి. పదోది దాచకండి. డెబ్బై ఏళ్ల మాట విన్నాక కూడా నమ్మినవాళ్ల నమ్మకం అది.

---

మన్నా (హైదరాబాద్, సాఫ్ట్‌వేర్)

వందనాలు. నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి.

అధ్యాయాలు చదవాలి, ఒప్పుకుంటాను. కానీ పొద్దున ఆరున్నరకి క్యాబ్ ఎక్కేవాడికి, పిల్లల టిఫిన్ బాక్సులు సర్దే తల్లికి ఒక్క వాక్యం దక్కితే అదే గొప్ప. ఆ ఒక్కటీ తీసుకోకుండా "అధ్యాయం చదివితేనే" అంటే చివరికి ఏదీ చదవరు. అరణ్యంలో శోధకుడు (సాతాను) వచ్చినప్పుడు యేసు ప్రభువు అధ్యాయాలు అప్పజెప్పలేదు. మూడుసార్లూ "అని వ్రాయబడియున్నది" అని ఒక్కొక్క మాటతోనే జవాబిచ్చాడు. ఒక్క వాక్యానికి ఆ బలం ఉంది.

---

పాత బెంచీ

బాబూ, నువ్వు మంచి చోటు పట్టుకున్నావు. ఆ మత్తయి 4 మళ్లీ తెరిచి చూడు. ప్రభువు చెప్పిన మూడు మాటలూ ద్వితీయోపదేశకాండము 6, 8 అధ్యాయాల్లోవి. మొత్తం మూడూ ఒకే చోట దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఆకలితో, దప్పితో పరీక్షించబడిన సంగతి మోషే గుర్తుచేసే భాగం అది. యేసు ప్రభువు కూడా అరణ్యంలోనే, ఆకలితోనే ఉన్నాడు. అంటే ఆ భాగమంతా ఆయన గుండెలో ఉంది, నోటికి ఒక్కొక్క మాట వచ్చింది.

శోధకుడు కూడా వాక్యమే చెప్పాడు, అదీ చూడు. 91వ కీర్తనలోంచి దూతలు చేతులతో ఎత్తుకుంటారన్న మాట. ఆ కీర్తనలో ఆ వెంటనే వచ్చేది సింహాలనూ నాగుపాములనూ తొక్కడం గురించి. అక్కడిదాకా చదవకుండా ఆపేశాడు.

కాబట్టి నీ మాటా నిజమే. చదివేవాళ్లకి ఒక్కటి చాలు. పంపేవాళ్లకి ఒక్కటి చాలదు.

---

మన్నా

"చదివేవాళ్లకి ఒక్కటి చాలు. పంపేవాళ్లకి ఒక్కటి చాలదు." ఇది నేను రాసి పెట్టుకుంటున్నాను మాస్టారు.

---

సరియైన గుండు (కిరాణా కొట్టు, ఖమ్మం జిల్లా)

నా పేరు చూసే ఉంటారు, సామెతలు 11:1. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము."

మల్లెపందిరి సిస్టర్, మీరు అడిగిన దానికి నా జవాబు ఇదే. పనికి తగిలే వాక్యాలు పంపండి. మా దగ్గర వచ్చే వాక్యాలన్నీ ఆశీర్వాదం, స్వస్థత, శత్రువు మీద జయం. కాటా గురించి ఎవరూ పంపరు. బైబిల్లో మాత్రం త్రాసులు, గుండ్లు, కొలతల గురించి ధర్మశాస్త్రంలో ఉంది, సామెతల్లో మళ్లీ మళ్లీ ఉంది, ఆమోసు, మీకా కూడా దాని మీదే గట్టిగా మాట్లాడారు. దేవుడికి అంత పట్టింపున్న విషయం మన అనుదిన ధ్యానంలోకి ఎందుకు రాదు?

కొట్లో ఇది రోజూ ఎలా ఉంటుందో చెప్తా. పండక్కి స్వీటు తూచేటప్పుడు అట్ట డబ్బా కాటా మీద పెట్టి అలాగే తూస్తే డబ్బా బరువు కూడా స్వీటు రేటుకే పోతుంది. నేను ముందు ఖాళీ డబ్బా పెట్టి, సున్నా నొక్కి, అప్పుడు స్వీటు వేస్తా. కొనేవాళ్లలో సగం మంది ఆ సున్నా వైపు చూడనే చూడరు. ఎవరూ చూడని ఆ ఒక్క బటన్ దగ్గరే నాకు ఈ వాక్యం రోజూ ఎదురవుతుంది. అలాగే వడ్లు కాంటా పెట్టే చోట బస్తాకి ఇంత అని తరుగు తీస్తారు. తేమ, తాలు ఎంతుందో అంతే తీస్తే అది న్యాయం. నోటికొచ్చినంత తీసి, ఆదివారం దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఇస్తే ఆ డబ్బు ఎవరిదో దేవుడికి తెలియదా?

ఒక సోమవారం ఈ వాక్యం పంపి చూడండి. గ్రూపులో వ్యాపారం చేసేవాళ్లు ఆ రోజు దణ్ణం బొమ్మ పెట్టడానికి కాసేపు ఆలోచిస్తారు.

---

స్తోత్రబలి

ఆమెన్ బ్రదర్. దేవునికి మహిమ.

---

నైట్ డ్యూటీ (నర్సు, గుంటూరు)

నేను చదివేదాన్ని మాత్రమే, రాసేదాన్ని కాదు. చదివేవాళ్ల వైపునుంచి ఒక మాట. అన్ని ధ్యానాలూ "ఈ ఉదయకాలమున" అని మొదలవుతాయి. మాకు ఉదయం అంటే డ్యూటీ దిగి, హ్యాండోవర్ ఇచ్చి, నిద్ర కళ్లతో బస్సెక్కే టైము. మా ఉదయం రాత్రి ఎనిమిదింటికి. వార్డులో మానిటర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని రెండున్నర మూడింటికి నేను 121వ కీర్తన తలచుకుంటా: "ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." పేషెంట్ల దగ్గరికి రౌండ్ వెళ్తూ ఒక్కో మంచం దగ్గర అదే మాట మనసులో చెప్పుకుంటా. నా చేతిలో ఉన్న ఆ ఎనిమిది మంది మీదా నాకంటే ముందే ఒకరి కన్ను ఉందని తెలిస్తే భయం తగ్గుతుంది, చెయ్యి నిలకడగా ఉంటుంది.

కాబట్టి సిస్టర్, టైము చెప్పకుండా రాయండి. ఎప్పుడు తెరిచినా పనికొచ్చేలా. మరీ పొడుగ్గా వద్దు, ఫోన్ స్క్రీన్ ఒక్కసారి జరిపితే అయిపోవాలి.

---

గుణదల కొండ (విజయవాడ)

నేను ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) బిడ్డని, అయినా ఇక్కడ రాయొచ్చనుకుంటాను. మాకు బలిపూజలో ఏ రోజు ఏ పఠనమో (ఏ బైబిల్ భాగం చదవాలో) ముందే నిర్ణయమై ఉంటుంది. ఆదివారాలకి మూడేళ్ల చక్రం, మామూలు రోజుల మొదటి పఠనానికి రెండేళ్ల చక్రం: బేసి సంవత్సరం ఒకటి, సరి సంవత్సరం ఒకటి. ఆ మామూలు రోజుల సువిశేషం (సువార్త) మాత్రం ఏటా అదే క్రమంలో తిరుగుతుంది. విజయవాడలో చదివిందే ఆ రోజు ఆఫ్రికాలోనూ బలిపూజలో చదువుతారు.

దీనివల్ల నాకు కలిగిన మేలు ఏమిటంటే నాకిష్టమైన వాక్యాలే నేను ఏరుకోలేను. ఇవాళ నాకు ఓదార్పు కావాలనిపిస్తుంది, తీరా చూస్తే "నీ సహోదరుని క్షమించు" అని వస్తుంది. మీరు కూడా ఒక పుస్తకం పట్టుకుని వరసగా వెళ్తే బాగుంటుందని నా మాట. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగే అధ్యాయాలు. రోజుకి రెండు మూడు వచనాలు తీసుకుంటే నెల పైనే వస్తుంది. అప్పుడు "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, అది రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడనీ, దానికి ముందు లైన్లో ఆకలిగొనడం గురించి చెప్పాడనీ గ్రూపులో అందరికీ తెలిసే ఉంటుంది. పరీక్షలో ర్యాంకు కోసమే దాన్ని వాడరు.

---

మల్లెపందిరి

మీ అందరి మాటలూ చదువుతుంటే ధైర్యం వస్తోంది. గుణదల కొండ గారూ, వరసగా వెళ్లే ఆలోచన చాలా నచ్చింది. వారంలో ఐదు రోజులు ఒక పుస్తకం వరసగా, శనివారం ఒక కీర్తన, ఆదివారం అయ్యగారి ప్రసంగ వాక్యం, ఇలా పెట్టుకుంటే?

ఇంకొకటి అడగాలి. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డులు (ఒక్కోదాని మీద ఒక బైబిల్ వచనం ఉంటుంది) తీస్తాం కదా. ఆ కార్డే ఏడాదంతా రోజూ ధ్యానం చేయమని కొందరంటారు. దాని గురించి ఏమనుకుంటున్నారు?

---

పాత బెంచీ

కార్డు మంచిదే. చిన్న పిల్లలు దాన్ని బైబిల్లో పెట్టుకుని కంఠతా పడతారు, అంతకంటే ఏం కావాలి. చిక్కంతా కార్డు మీద పట్టే చోటుతో. "యెహోవా నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అని అచ్చు వేస్తారు, ద్వితీయోపదేశకాండము 28:13. అదే వచనంలో ఆయన ఆజ్ఞలను విని, అనుసరించి నడుచుకుంటే అన్న షరతు ఉంది. అది కార్డు మీదికి రాదు. ఆ అధ్యాయంలో దీవెనలు పద్నాలుగో వచనంతో అయిపోతాయి, హెచ్చరికలు పదిహేను నుంచి అరవై ఎనిమిది దాకా నడుస్తాయి. అది మొత్తం ఒక నిబంధన, అంటే ఒడంబడిక. తల, తోక మాట ఒకటే కోసి ఇస్తే ఏడాది చివర ఉద్యోగం పోయినవాడు "దేవుడు మాట తప్పాడు" అనుకుంటాడు. నేను అలాంటివాళ్లతో కూర్చున్నాను, వాళ్ల బాధ చిన్నది కాదు.

---

ఊరకుండుడి (కాకినాడ)

ఇంతవరకు చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకుంటూ.

మా అబ్బాయి చనిపోయిన వారంలో నా ఫోన్‌కి రోమా 8:28 లెక్కలేనన్నిసార్లు వచ్చింది. "దేవుని ప్రేమించువారికి... మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి." పంపినవాళ్లందరూ నా మేలు కోరినవాళ్లే. ఆ వాక్యం నేను నమ్ముతాను, ఈ రోజుకీ నమ్ముతాను. ఆ వారంలో మాత్రం చదవలేకపోయాను. ఫోన్ బోర్లా పెట్టేశాను.

మా వీధి చివర ఉండే ఒక సిస్టర్ వచ్చింది. వాక్యం ఏమీ చెప్పలేదు. అన్నం కలిపి ముద్ద పెట్టింది, గిన్నెలు కడిగింది, సాయంత్రం దాకా నా పక్కన కూర్చుంది. వెళ్లేటప్పుడు "యేసు కన్నీళ్లు విడిచెను" అని, అంతే అంది. యోహాను 11:35. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడు కదా అని ఆ రాత్రి నేను ఆలోచిస్తూ పడుకున్నాను. నిద్ర పట్టింది.

రోజూ వాక్యం పంపేవాళ్లకి నా మనవి. మీ గ్రూపులో ఆ రోజు ఒకింట్లో శవం ఉండొచ్చు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసినవాటిలో మంచి పని అదే. రోమా 8 పంపే ముందు రోమా 12:15 చదవండి: "సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి."

---

నైట్ డ్యూటీ

అమ్మా, మీ కోసం ఈ రాత్రి ప్రార్థిస్తాను.

---

పాత బెంచీ

తల్లీ, మీరు రాసింది మా అందరికీ అవసరం. 88వ కీర్తన చదివే ఉంటారు. మిగతా విలాప కీర్తనల్లో చాలావరకు ఎక్కడో ఒక చోట స్తుతి వైపు తిరుగుతాయి, అది తిరగదు, చీకట్లోనే అయిపోతుంది. అలాంటిదాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచాడు. మల్లెపందిరీ, శనివారం కీర్తన అన్నావు కదా, పదమూడు, ఎనభై ఎనిమిది కూడా వదలకు.

---

మల్లెపందిరి

అమ్మా, వదలను. మా గ్రూపులో ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ రోజు ధ్యానం ఆపేసి, ఆ ఇంటికి ఎవరు ఎప్పుడు వెళ్తున్నారో మాత్రం గ్రూపులో పెడతాను. అయ్యగారితో కూడా మాట్లాడాను, సరే అన్నారు.

ఇదిగో, సోమవారానికి రాసిన మొదటి ధ్యానం. లేవీయకాండము 19తో మొదలుపెడుతున్నాను, మా చెరువుల మనుషుల్ని తలచుకుని. మొహమాటం లేకుండా చెప్పండి.

*"కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనకూడదు." లేవీయకాండము 19:13*

*ఈ అధ్యాయంలోనే కాస్త కిందికి వెళ్తే "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అని ఉంది. ప్రేమ అనే ఆ పెద్ద మాటకంటే ముందే దేవుడు కూలి డబ్బు మాట ఎత్తాడు. పొద్దంతా వల లాగి, మేత చల్లి ఇంటికి వెళ్లేవాడు ఆ డబ్బుతోనే బియ్యం కొనుక్కోవాలి. రేపిస్తాలే అన్న మాట మనకు చిన్నది, ఆ ఇంట్లో పొయ్యికి పెద్దది. ఇవాళ మనం ఎవరికైనా బాకీ ఉన్నామా? ఉంటే చీకటి పడకముందే ఇద్దాం. పేదల్ని ఆదుకుందాం. మన మాటల్లో ప్రేమ చూపిద్దాం. అందరి కోసం ప్రార్థిద్దాం.*

---

పాత బెంచీ

బాగుంది. చివరి మూడు వాక్యాలు తీసేయి. చీకటి పడకముందే ఇవ్వడం దగ్గర ఆపు. నాలుగు పనులు చెబితే మనిషి అందులో సులువైనది చేసి ఊరుకుంటాడు. ప్రార్థన సులువు, డబ్బు తియ్యడం కష్టం.

---

గట్టుమీద (చెరువు రైతు, ఆకివీడు వైపు)

సిస్టర్, ధ్యానం మనసుకి తగిలింది. అందుకే అడుగుతున్నా. పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, సరుకు లారీ ఎక్కుతుంది, కొన్నవాడు డబ్బు వేసేది వారం తర్వాతో పది రోజుల తర్వాతో. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు) తేడా అని రేటు తగ్గిస్తే ఇంకా ఆలస్యం. మేత బాకీ, కరెంటు బిల్లు, ఐస్ డబ్బులు అన్నీ అప్పుడే మీద పడతాయి. నాకే రాని డబ్బు నేను చీకటి పడేలోపు ఎక్కడినుంచి తేను? ఈ వాక్యం చదివి నేను దోషినని బాధపడాలా?

---

సరియైన గుండు

అన్నా, మంచి ప్రశ్న. మీకు డబ్బు ఆపినవాడి మీద కూడా ఇదే వాక్యం నిలబడుతుంది, అది మొదట చెప్పాలి. యాకోబు 5:4లో బిగబట్టిన కూలి మొరపెడుతుందని ఉంది, ఆ మొర ప్రభువు చెవిన పడిందని కూడా ఉంది. మీకు రావలసినదీ ఆ మొరలో ఉన్నట్టే.

ఇక మీ చేతిలో ఉన్నది చూద్దాం. పట్టుబడి తేదీ మీకు ముందే తెలుసు, ఎంతమంది వల మీదకి వస్తారో తెలుసు. సీడు (రొయ్య పిల్లలు) వేసేటప్పుడే మేతకి లెక్క వేస్తారు, మందులకి వేస్తారు. కూలి డబ్బు కూడా ఆ లెక్కలోనే ముందు రాసి పక్కన పెట్టొచ్చు కదా. మేత డీలరు అప్పు ఆగగలడు, అతనికి వడ్డీ ఉంది. కూలివాడికి ఏముంది? అందరికంటే చివర అతన్ని పెట్టడం అలవాటైపోయింది, వాక్యం ఆ వరసని మార్చమంటోంది.

---

ఎడారిలో నది

గట్టుమీద అన్నా, కూలి అందుకునే వైపునుంచి ఒక మాట చెప్పనా? నా జీతం కొన్ని నెలలు ఆలస్యంగా వచ్చేది. ఇక్కడ నాకు తిండికి లోటు లేదు, ఇంటి దగ్గర మాత్రం అప్పు ఇచ్చినాయన మా అమ్మ గుమ్మంలో కూర్చునేవాడు. డబ్బు ఎప్పుడొస్తుందో తెలిస్తే అమ్మ ఆయనకి ఒక తేదీ చెప్పుకునేది. తేదీ కూడా తెలియకపోవడమే నరకం. మీ దగ్గర నిజంగా లేనప్పుడు సగమైనా ఇచ్చి, మిగతాది ఫలానా రోజు అని మీరే వాళ్లింటికి వెళ్లి చెప్పండి. వాళ్లు మీ గుమ్మంలో నిలబడి అడిగేలా చేయొద్దు. అది చాలా పెద్ద మర్యాద అన్నా.

---

గట్టుమీద

అర్థమైందమ్మా. వచ్చే పట్టుబడికి కూలి డబ్బు ముందే మా ఆవిడ చేతికిచ్చి ఉంచుతాను. దాని జోలికి నేను కూడా పోను.

సిస్టర్, ఈ ధ్యానం మా చెరువుల గ్రూపులో కూడా పెట్టుకోవచ్చా? అందులో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, అయినా ఇది అందరికీ పనికొచ్చే మాట.

---

మల్లెపందిరి

తప్పకుండా పెట్టుకోండి అన్నా. మాస్టారు చెప్పిన చివరి మూడు వాక్యాలు తీసేశాను. చివర ఇలా మార్చాను:

*ఇవాళ మనం ఎవరికైనా కూలి బాకీ ఉంటే చీకటి పడకముందే ఇద్దాం. చేతిలో లేకపోతే ఉన్నంత ఇచ్చి, మిగతాది ఏ రోజు ఇస్తామో మనమే వాళ్లింటికి వెళ్లి చెబుదాం.*

మంగళవారానికి అదే అధ్యాయంలో తొమ్మిది, పది వచనాలు తీసుకున్నాను, చేను కోసేటప్పుడు అంచులు పేదలకి వదిలేయమన్నవి. బుధవారానికి ముప్పై రెండో వచనం, తల నెరసినవారి ఎదుట లేచి నిలబడమన్నది. ఇంటర్ పిల్లల్ని తలచుకుని రాస్తాను. పాత పెద్దాయన ఇంటికి నిన్న వెళ్లి రాసిందంతా చదివి వినిపించాను. టైప్ చేయలేకపోయినా గొంతు బాగానే ఉందమ్మా, నేను చదువుతాను, నువ్వు రికార్డు చేసుకో అన్నారు. చదవడం రానివాళ్లకి, చూపు ఆననివాళ్లకి ఆడియో ఆయన గొంతుతోనే వెళ్తుంది. మొదటి వారానివి శనివారం సాయంత్రం వాళ్లింట్లో రికార్డు చేస్తున్నాం. నైట్ డ్యూటీ సిస్టర్, మీకు పంపమంటే రాత్రి ఏడున్నరకి విడిగా పంపుతాను, ఇక్కడ సరే అనండి చాలు.

---

నైట్ డ్యూటీ

సరే సిస్టర్. మా వార్డులో ఇంకో ఇద్దరు కూడా కావాలంటున్నారు.